పందెం పడవల నాడు తూముల గట్టు మీద

పింఛను పుచ్చుకుని అరుగు మీద కూర్చున్నవాణ్ణి కుర్రవాళ్ళు వచ్చి, "మీ సర్వీసులో చెప్పుకోదగ్గ సంగతేదైనా చెప్పండి" అని అడిగితే, వాడు తప్పకుండా తాను ఏదో ఒక దొరను ఎదిరించిన సంగతే చెబుతాడు. నేనూ అలాంటివి రెండు మూడు చెప్పి ఉన్నాను. వాటిలో సగం నిజం. ఇప్పుడు చెప్పబోయేదానిలో నేను ఎవరినీ ఎదిరించలేదు. ఒక స్తంభం కింద చెరో చేతిలో ఒక జెండా పట్టుకుని, ఏది ఎత్తాలో తెలియక వణికాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఇదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

రాజమండ్రికి దిగువన, ఆనకట్ట ఉన్న మా ఊళ్ళో, నీటిపనుల ఆఫీసులో నేను ఓవర్సీరును. మా ఒడ్డు వైపు ఆనకట్ట చివర తూములు ఉండేవి. వరద రోజుల్లో అడుగున పేరుకున్న ఇసుకా ఒండ్రూ కొట్టుకుపోవడానికి వాటి తలుపులు ఎత్తేవాళ్ళం. తలుపు ఎత్తామంటే గోదావరి ఆ కంతలోంచి కిందికి దూకుతుంది, ఎగువన చాలా దూరం దాకా నీరు అటే లాగుతుంది. ఆ లాగుడులో చిక్కిన పశువు గాని పడవ గాని వెనక్కి వచ్చిన జ్ఞాపకం మాకెవరికీ లేదు. ఆఫీసు దగ్గర కేక వేస్తే తూముల దగ్గర వినపడదు. పైగా ఆనకట్ట మీంచి పడే నీటి హోరు ఒకటి. అందుకని ఆఫీసు ముందున్న స్తంభానికి జెండా ఎత్తి చెప్పడం ఆచారం. ఎర్ర జెండా ఎక్కితే తలుపులు ఎత్తడం మొదలుపెట్టాలి. తెల్ల జెండా ఎక్కేదాకా ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుతూనే ఉండాలి. తెల్లది ఎక్కితే దించెయ్యాలి. తూముల మీద చక్రాలు తిప్పి తలుపులు ఎత్తి దించే లస్కరుకు ఉద్యోగమంటే ఇంతే. ఎందుకు, ఏమిటి అని అడిగే లస్కరు మా దగ్గర ఎక్కువ రోజులు నిలిచేవాడు కాదు.

ఇక పడవల సంగతి. ఆనకట్ట కట్టిన కొత్తలో ఇక్కడున్న ఇంజనీరు దొరలు సరదా కోసం మా కార్ఖానాలో టేకు చెక్కతో తెరచాప పడవలు కట్టించుకున్నారు. సన్నగా, పొడుగ్గా, మీద తెరచాప కట్టే తాటిచెట్టంత కొయ్యతో ఉండేవి. అవి ధాన్యం మొయ్యవు, జనాన్ని దాటించవు. పరుగెత్తడం తప్ప వాటికి మరో పని చేతకాదు. ఏటా కార్తీకంలో, వరద తీసి, ఎగువ నించి వీచే పైగాలి తిరిగాక, వాటికి పందెం జరిగేది. చివరిసారి జరిగినప్పుడు ఒక పడవ అదుపు తప్పి ఆనకట్ట మీంచి జారిపోయింది. అందులో ఉన్న కళాసీ శవం కూడా దొరకలేదు. ఆ తరవాత రాజమండ్రి దగ్గర రైలు వంతెన పనులు మొదలై నది నిండా పంటులే అయ్యాయి. ఆవిరి లాంచీలు వచ్చాయి. పందెం పడవలు కార్ఖానా వెనక పాకలో బోర్లా పడుకున్నాయి. వాటి కింద కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి.

వంతెన మీద రైళ్ళు తిరగడం మొదలైన కొత్తలో మాకు ఒక కుర్ర దొర అసిస్టెంటు ఇంజనీరుగా వచ్చాడు. మంచివాడే. వచ్చిన వారానికే ఆ పాకలోకి తొంగి చూశాడు. అంతే, మా ప్రాణాలకు మూడింది. పందెం మళ్ళీ జరగాలన్నాడు. పై దొరలకు చెప్పుకుని అనుమతి తెచ్చాడు. పడవలకు మరమ్మత్తు చేయించడం, చాపలు కుట్టించడం, ఒడ్డున పందిళ్ళు, జమీందార్లకు పిలుపులు, దొరసానులకు కుర్చీలు, బ్యాండు మేళం, అన్నీ నా నెత్తిన పడ్డాయి. మా పెద్ద గుమాస్తాగారు రోజూ మధ్యాహ్నం తాంబూలం వేసుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏమండోయ్, ఎంతవరకూ వచ్చింది తిరనాళ్ళ?" అని అడిగి, నేను చెప్పింది వినకుండానే వెళ్ళిపోయేవారు. పడవలు నీళ్ళలో దింపగానే మునుగుతాయని ఆయన నమ్మకం. మూడు పడవలు బాగుపడ్డాయి, మూడూ తేలాయి. ఆయన కొంచెం నొచ్చుకున్నారు.

రెండు పడవలకు వేరే దొరలిద్దరు చుక్కాని పడతామన్నారు. మూడోది, అన్నిటికన్నా పాతది, ఆకుపచ్చ రంగుది, ఎవరికీ లొంగదని పేరు. దాన్ని నడిపించగలవాడు మా దగ్గర ఒక్కడే మిగిలాడు. అప్పట్లో ఆవిరి లాంచీ మీద సరంగుగా చేసేవాడు. రోజంతా ఆ పొగలో చక్రం పట్టుకుని, కష్టం లేని పనికి వచ్చే విసుగుతో మొహం మాడ్చుకుని ఉండేవాడు. ఇంకో సంగతి చెప్పాలి. చివరి పందెంలో ఆనకట్ట మీంచి పోయిన కళాసీ ఇతని సొంత అన్న. అది ఈ పచ్చపడవే, దిగువన ఇసుకలో దొరికితే తెచ్చి పాకలో పడేశారు. ఆ రోజు అందులో ఇతనూ ఉన్నాడు. ఎలా బతికాడో ఎప్పుడూ చెప్పలేదు.

నేను భయపడుతూనే అడిగాను.

"ఆ పచ్చపడవ ఇంకా ఉందాండీ?" అన్నాడు.

"ఉంది. తారు పూశారు. కొత్త చాప కుడుతున్నారు."

"ఒకపాలి సూడొచ్చాండీ?"

పాకలోకి తీసుకువెళ్ళాను. పడవ పక్కన చేత్తో తడుముతూ ఈ చివర నించి ఆ చివరకు నడిచాడు. మనిషి మొహం మారిపోయింది. మర్నాటి నించి పొద్దున్నే వచ్చి చాప కుట్టేవాళ్ళ ప్రాణం తియ్యడం మొదలుపెట్టాడు.

ఆ సంగతి వాళ్ళింట్లో తెలిసింది. ఒకనాడు సాయంత్రం అతని పెళ్ళాం మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడింది. మా ఆవిడ లోపలికి రమ్మన్నా రాలేదు. గట్టి మనిషి. పడవల రేవులో మూటలు మోసిన చేతులు.

"బాబుగారూ, మా ఆయన్ని పందేనికి పిలిచారంటండి."

"పిలిచానమ్మా. ఇష్టపడే వస్తున్నాడు."

"ఇష్టపడకేం చేస్తాడండి. ఆ పడవంటే పిచ్చి ఆడికి. అప్పుడూ ఇష్టపడే ఎల్లేరు అన్నదమ్ములిద్దరూను. మా బావగారికి నిప్పెట్టడానికి ఒళ్ళు కూడా దొరకలేదండి." ఎవరింటి సంగతో చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు భయం వేసింది. "ఆపమని అడగడానికి రాలేదండి. ఆపితే ఆడు నా మాట ఇనడు. మీకు అప్పజెప్పడానికొచ్చేను. సాయంత్రం మీరే నాకు తిరిగి అప్పజెప్పాలండి."

"తూములు మూసే ఉంటాయమ్మా. మూసి ఉన్నంతసేపూ అక్కడ నీరు చెరువులా ఉంటుంది. నాదే పూచీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, సరేనండి అని వెళ్ళిపోయింది. పూచీ పడడం ఎంత తేలికో చూడండి. నోరు ఒక్కసారి తెరిస్తే చాలు.

పందెం ఏర్పాటు ఇది. మా ఆఫీసు దగ్గర, తూములకు కొంత ఎగువన, ఒడ్డుకు ఎదురుగా రెండు పీపాలు లంగరు వేసి నిలబెట్టాం. వాటి మధ్య నించి పడవలు బయల్దేరాలి. పైగాలికి ఎదురు కొట్టుకుంటూ వంతెన దాకా పోయి, అక్కడ నిలిపిన నావ చుట్టూ తిరిగి, గాలి వెంట దిగి వచ్చి మళ్ళీ ఆ పీపాల మధ్య నించే దూరాలి. ముందు దూరినవాడిది పందెం. బయల్దేరడానికి గుర్తు, ఒడ్డున పెట్టిన చిన్న ఫిరంగి పేల్చడం. ఆ రోజు తూముల జోలికి పోకూడదని ముందే ఉత్తరువు అయింది.

పందేనికి ముందురోజు కాలం కాని కాలంలో వాన పడింది. పొద్దున్నకి నది కాస్త ఎర్రబడి, ఒక జాన పెరిగింది. ఇంకో చిక్కు కూడా వచ్చి పడింది. పచ్చపడవలో తాళ్ళు లాగేవాడొకడు జ్వరపడ్డాడు. చెయ్యి సత్తువ ఉన్నవాడు కావాలని సరంగు పట్టుపట్టాడు. తూముల మేస్త్రి అలాంటివాడు. పైగా తూములకు ఆ రోజు పని లేదాయె. కుర్ర దొర సరేనన్నాడు, నేనూ సరేనన్నాను, మేస్త్రి ఎగిరి గంతేశాడు. తూముల గట్టు మీద కొత్తగా చేరిన ఇద్దరు లస్కర్లు మిగిలారు.

ఆ మేస్త్రికి ఒక అలవాటు. అన్నానికి వెళ్ళినా, చుట్ట కాల్చుకోవడానికి పక్కకు వెళ్ళినా, వెళ్ళబోతూ కింది వాళ్ళతో ఒకటే మాట అనేవాడు. ఆ రోజూ అన్నాడట. "ఇయ్యాళ పని లేదురా, కూకోండి. ఎర్ర జెండా ఎక్కిందంటే మాత్రం నా కోసం సూడకండి, ఎత్తెయ్యండి." ముందు మాట ఉత్తరువు, వెనక మాట అలవాటు. వినేవాళ్ళకు రెండూ ఒకటే.

మధ్యాహ్నానికి ఒడ్డంతా జనం. కార్తీక స్నానాలకు వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోయారు. తెల్లవారుజామున ఆడవాళ్ళు వదిలిన అరటిదొప్పల దీపాలు, బంతిపూలు, కదలని నీళ్ళలో ఒడ్డునే తేలుతున్నాయి. సరిగ్గా పడవలు వరస కట్టే వేళకు, పందిట్లో మొదటి వరస కుర్చీల కోసం ఇద్దరు జమీందార్ల మనుషులు కలియబడ్డారని కబురొచ్చింది. పరుగెత్తుకెళ్ళాను. కుర్చీలు ఒకే వరసలో ఉన్నా, ఒకరి కుర్చీకి చేతులు ఉండి రెండోవారి దానికి లేవు. అదీ గొడవ. నేను మా ఆఫీసులోంచి చేతుల కుర్చీ తెప్పించి, పెద్ద గుమాస్తాగారి దిండు దాని మీద వేసి, ఇద్దరికీ దండం పెట్టేసరికి ఒడ్డున జనం ఒక్కసారి కేకలు పెట్టారు. ఫిరంగి మోత వినపడలేదు. వచ్చి చూద్దును కదా, పడవలు బయల్దేరి పోయాయి.

ఏం జరిగిందో తరవాత తెలిసింది. మందు చెమ్మగిల్లి ఫిరంగి పేలలేదు. కుర్ర దొర రెండుసార్లు ప్రయత్నించి, ఇక లాభం లేదని, పక్కనే ఉన్న స్తంభం దగ్గరికి వెళ్ళి జెండాల పెట్టెలో పైనున్న జెండా తీసి ఎత్తాడు. అది ఎర్ర జెండా. దాని అర్థం ఆయనకు మేమెవరం చెప్పి ఉండలేదు. వెంటనే దించేశాడు కూడా. దొరలిద్దరూ అది చూసి పడవలు వదిలారు. పచ్చపడవలో వాళ్ళు ఫిరంగి మోత కోసం చెవులు రిక్కించుకుని ఎగువకు చూస్తున్నారు. పక్క పడవలు కదిలితే వీళ్ళూ కదిలారు. ఒడ్డున ఉన్న మా వాళ్ళలో ఆ జెండా అర్థం తెలిసినవాడు పెద్ద గుమాస్తాగారొక్కరే. ఆయన నోరు తెరిచారట. దొర ఎత్తాడు, దొరకు తెలియదా అని మళ్ళీ మూసుకున్నారట. మా ఆఫీసులో నోరు మూసుకోవడం అన్నిటికన్నా ముందు నేర్చుకునే పని.

తూముల గట్టు మీద ఉన్న కుర్రాళ్ళిద్దరూ జెండా చూశారు. నది పెరిగింది కదా, అందుకే ఎత్తమంటున్నారనుకున్నారు. మేస్త్రి లేకుండా తమంతట తాము చేస్తున్న మొదటి పని. ఉత్సాహంగా మొదలుపెట్టారు.

ఇవేవీ తెలియని నేను పందిరి ముందు నిలబడి చెమట తుడుచుకున్నాను. బ్యాండు వాయిస్తున్నారు. పడవలు ఈ ఒడ్డు నించి ఆ లంక వైపు, ఆ లంక నించి ఈ ఒడ్డు వైపు ఏటవాలుగా కొట్టుకుంటూ ఎగువకు పోయి, చిన్నవై, వంతెన దిమ్మెల నీడలో కలిసిపోయాయి. పచ్చపడవ వెనకబడిందని జనం నవ్వుకున్నారు. సరంగు పెళ్ళాం రేవు మెట్ల మీద ఒక పక్కగా, పడవలవాళ్ళ ఆడవాళ్ళతో కూర్చుని ఉంది. మాట్లాడ్డం లేదు. నన్ను చూసి తల ఊపింది. నేనూ ఊపాను. ఒక్కసారి లోపల హాయిగా అనిపించింది.

చాలాసేపటికి తెరచాపలు మళ్ళీ కనపడ్డాయి. ఈసారి గాలి వెనక నించి. విచ్చుకున్న చాపలతో దూసుకు వస్తున్నాయి. అందరికన్నా ముందు ఎవరనుకున్నారు? పచ్చపడవ. దొరల పడవలు రెండూ నది నడుమ, లంక వైపు పోతే, సరంగు లోతు వెతుక్కుని మా ఒడ్డు వారగా పట్టుకొస్తున్నాడు. జనం వెర్రెత్తిపోయారు. నేను కూడా చప్పట్లు కొట్టబోయాను.

అప్పుడు పీపాల మీద నా చూపు పడింది. పొద్దున్న నిటారుగా నిలబెట్టిన పీపాలు రెండూ ఒరిగిపోయి ఉన్నాయి. లంగరు తాళ్ళు బిగుసుకుని నీళ్ళు కోస్తున్నాయి. కిందికి చూశాను. అరటిదొప్పలూ బంతిపూలూ ఒడ్డు వదిలి, బారు తీరి, మనిషి నడిచే వేగంతో దిగువకు పోతున్నాయి. రేవు మెట్టు మీద తడి గీత నీటికి జానెడు ఎత్తున ఉంది.

తూములు ఎత్తి ఉన్నాయి.

ఎవరు ఎత్తారు, ఎందుకు ఎత్తారు అని ఆలోచించే వ్యవధి లేదు. స్తంభం దగ్గరికి పరుగెత్తాను. పెట్టెలో రెండు జెండాలూ ఉన్నాయి. తెల్లది తీశాను. తెల్లది ఎత్తితే లస్కర్లు తలుపులు దించడం మొదలుపెడతారు. కాని ఆ ఇద్దరికీ తలుపులు ఎత్తడానికి పట్టినంతసేపూ దించడానికీ పడుతుంది. ఈలోగా పడవ వచ్చేస్తుంది. పడవలో మేస్త్రి ఉన్నాడు. తెల్ల జెండా చూస్తే అంతా బాగానే ఉందనుకుంటాడు. ఎర్రది తీశాను. ఎర్రది ఎత్తితే మేస్త్రి చూస్తాడు, తూములు ఎత్తారని క్షణంలో గ్రహిస్తాడు. కాని లస్కర్లు కూడా చూస్తారు. మిగిలిన తలుపులు కూడా ఎత్తేస్తారు. ఉన్నది ఒక్క స్తంభం, ఒక్క తాడు. మనిషిని పంపించి లస్కర్లను ఆపుదామంటే, చుట్టూ ఉన్న జనమంతా నది వైపు చూస్తూ అరుస్తున్నారు. నా కేక నాకే వినపడలేదు. దేవుడా అనుకున్నాను. అంతకు మించి ప్రార్థన రాలేదు.

"ఏంటండీ? ఏంటది?"

సరంగు పెళ్ళాం. మెట్ల మీంచి నా పరుగు చూసి వెనకే వచ్చింది.

"తూములు ఎత్తేశారు" అన్నాను. "ఎర్రది ఎత్తితే మీ వాళ్ళకు తెలుస్తుంది. కాని అక్కడ తూముల మీద..."

ఆవిడ మిగతాది విననే లేదు. "మీరు ఎర్రదే ఎత్తండి. ఆ సంగతి నేను సూత్తాను" అని, రేవు వైపు తిరిగి ఒక కేక పెట్టింది. ఆ కేక బ్యాండుని మించి వినపడింది. పడవలవాళ్ళ ఆడవాళ్ళు ఏమిటని అడక్కుండా లేచారు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, గట్టు వెంబడి తూముల వైపు పరుగెత్తారు. నేను ఎర్ర జెండా ఎత్తాను.

ఎత్తాను సరే, పడవలో చూసేవాడేడీ? సరంగు కళ్ళు పీపాల మీద ఉన్నాయి. మేస్త్రి చాప తాడు పట్టుకుని వెనక్కి వాలి ఉన్నాడు. మూడోవాడు జనం కేకలకు పళ్ళికిలిస్తున్నాడు. నేను తాడు పట్టుకుని జెండాను పైకీ కిందికీ ఆడించాను. పడవ ఇంకా దగ్గరికి వచ్చింది. వేగం చూస్తే అది గాలి వేగం కాదు. జనం అది పడవ గొప్పనుకున్నారు. కుర్ర దొర టోపీ ఎగరేస్తున్నాడు.

మేస్త్రి తల తిప్పాడు. జెండా చూశాడు.

అతని నోరు తెరుచుకోవడం నాకు ఒడ్డు నించి కనపడింది. సరంగు భుజం పట్టుకుని ఊపేశాడు. సరంగు ఒక్కసారి స్తంభం వైపు చూసి, ఒక్కసారి తూముల వైపు చూశాడు. తరవాత ఎంత గబగబా జరిగిందో చెప్పలేను. చాప దబ్బున కిందపడింది. లంగరు విసిరారు. ఒండ్రులో లంగరు పట్టలేదు, తాడు తెగింది. పడవ పీపాల మధ్య నించి దూసుకుపోయింది. అది నెగ్గిందని జనం పెద్ద పెట్టున కేకలు వేశారు. ఆ కేకలు ఇప్పటికీ నాకు గిట్టవు.

తూములకు కాస్త ఎగువన, నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన రాతికట్ట ఒకటి ఉంది. దాని దగ్గరికి పోవద్దని ప్రతి పడవవాడికీ చెబుతాం. సరంగు చుక్కాని మీద ఒళ్ళంతా వేసి పడవను తిన్నగా ఆ రాళ్ళ మీదికి తిప్పాడు. తనకు ప్రాణంతో సమానమైన పడవను, తన చేత్తోనే. టేకు చెక్క విరిగిన చప్పుడు మా ఆఫీసు దాకా వచ్చింది. కొయ్య విరిగి రాళ్ళ మీద పడింది. మేస్త్రీ, ఆ మూడోవాడూ ఆ కొయ్య పట్టుకుని పాకుతూ రాళ్ళెక్కారు. పడవ వెనక సగం ఊడి నీళ్ళలోకి జారింది. చుక్కాని ఉన్నది ఆ సగంలో. సరంగు ఉన్నది అందులో.

ఇప్పుడు జనం నిశ్శబ్దమైపోయారు. బ్యాండు మాత్రం ఇంకా వాయిస్తున్నారు, వాళ్ళకు చెప్పినవాడు లేక.

నేను గట్టు వెంబడి పరుగెత్తాను. నాతోపాటు ఇంకెవరు వచ్చారో చూడలేదు. తూముల గట్టు మీదికి చేరేసరికి కొత్త లస్కర్లిద్దరూ గోడకు ఆనుకుని బిక్కచచ్చి నిలబడి ఉన్నారు. చక్రాల పిడులన్నీ ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. ఇద్దరేసి, ముగ్గురేసి ఒక్కో పిడి పట్టుకుని తిప్పుతున్నారు. తలుపులు చాలామటుకు దిగాయి. చివరిది దిగుతోంది. దాన్ని తిప్పుతున్నది సరంగు పెళ్ళాం. ఆవిడకు నది కనపడదు, ఆవిడ మొహం చక్రం వైపు ఉంది. ఏమైంది అని కూడా అడగలేదు.

నేను గోడ మీంచి కిందికి వంగి చూశాను. విరిగిన పలకతో సహా సరంగు సరిగ్గా ఆ చివరి తలుపుకే వచ్చి కొట్టుకున్నాడు. నీరు అతన్ని తలుపుకేసి అదిమేస్తోంది. కింద ఇంకా కంత మిగిలి ఉంది. అది అతని కాళ్ళను లోపలికి లాగేస్తోంది. చేతులతో తలుపు మీది ఇనపబద్ద పట్టుకుని ఉన్నాడు. ఒక్కొక్క వేలే జారుతోంది.

చెప్పనా, వద్దా? నీ మొగుడు ఈ తలుపు వెనకే ఉన్నాడని చెబితే ఆవిడ పిడి వదిలి ఇటు పరుగెత్తుకొస్తుందేమో. చెప్పకపోతే? ఆ క్షణంలో నాకు ధైర్యం చాలలేదో, బుద్ధి పనిచేసిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. "తిప్పమ్మా, ఆపకు, తిప్పు" అని మాత్రం అన్నాను. ఆవిడ తిప్పింది. పక్కనున్న ఆడవాళ్ళు వచ్చి చేతులు కలిపారు. కంత సన్నబడేకొద్దీ లాగుడు తగ్గి, సరంగు కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. తలుపు అడుక్కి దిగి రాతికి తగిలింది. నీటి హోరు తగ్గింది. అదిమే పట్టు సడలింది. లస్కర్లలో ఒకడికి ప్రాణం లేచొచ్చి తాడు విసిరాడు. సరంగు నడుముకి చుట్టుకున్నాడు. లాగాం.

అతన్ని గోడ మీదికి తీసి పడుకోబెట్టి చూస్తే, ఆవిడ ఇంకా పిడి తిప్పబోతూనే ఉంది. అది కదలడం లేదు. అయినా బలమంతా వేసి నొక్కుతోంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"చాలమ్మా. దిగిపోయింది. ఇటు చూడు."

చూసింది. చూసి, అక్కడే చక్రం దగ్గర చతికిలబడింది. అతను నీళ్ళు కక్కుకుంటూ, "నెగ్గేవాఁ?" అని అడిగాడు. ఆ గట్టు మీద అందరం ఏడుస్తూనే నవ్వాం. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. సాయంత్రం వాణ్ణి తిరిగి అప్పజెబుతానని మాట ఇచ్చినవాణ్ణి నేను. నిలబెట్టింది మాత్రం ఆవిడ. అందుకు నాకు సిగ్గు లేదు, ఆశ్చర్యం ఉంది.

దొరల పడవలు, సరంగు చాప దించెయ్యడం చూసి లంక ఒడ్డున ఆగిపోయాయట. మర్నాడు కుర్ర దొర నన్ను గదిలోకి పిలిచాడు. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. పై దొర తూముల లస్కర్లిద్దరినీ తీసెయ్యమన్నాడని చెప్పాడు. "వాళ్ళకు మేం ఏది నేర్పామో అదే చేశారండి. ప్రశ్నలు అడగొద్దని నేర్పింది మేమే" అన్నాను. దొర కిటికీలోంచి స్తంభం వైపు చూశాడు. తరవాత పై దొర దగ్గరికి తానే వెళ్ళి, జెండా ఎత్తింది తానని చెప్పాడు. దొరై ఉండి కూడా అంత మాట ఒప్పుకున్నాడు, అది నేను మరిచిపోను. లస్కర్లు నిలిచారు. పెద్ద గుమాస్తాగారు మాత్రం, "నేను అప్పుడే అనుకున్నానండీ" అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగారు. అనుకోవడంలో ఆయన్ని మించినవారు లేరు.

పందెం మాట ఇక ఎత్తకూడదనుకున్నాం అందరం. విరిగిన పచ్చపడవ చెక్కలు పాకలోకి చేర్పించాను. సరంగు కోలుకుని మళ్ళీ లాంచీ మీద చక్రం పట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు అతని పెళ్ళాం మా ఇంటికి వచ్చింది. ఈసారి లోపలికి రమ్మంటే వచ్చి వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టినా పడదామనే సిద్ధపడ్డాను.

"బాబుగారూ, మళ్ళీ పందెం ఎప్పుడు పెడతారండి?"

విన్నది నిజమేనా అనుకున్నాను. "పెట్టనమ్మా. ఇంక ఆ పాపం నాకొద్దు. నీ మొగుడు బతికి బయటపడ్డాడు, అది చాలు."

"బతికేడండి. కాని ఇంటికొచ్చి కూకుని గోడ సూత్తాడు. అన్నం ముందెట్టుకుని మర్సిపోతాడు. ఆ పాకలోకెళ్ళి ఇరిగిపోయిన సెక్కలు సదురుతున్నాడు. ఆ లాంచీ మీద ఆడు బతికున్నట్టు నాకు లేదండి." చీర కొంగు సర్దుకుంది. "మీరు పడవ కట్టించండి, పందెం పెట్టండి. తూముల కాడ మేం కూకుంటాం."

నేను కుర్ర దొరకు చెప్పాను. ఆయన ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

మరుసటి కార్తీకంలో పచ్చపడవ మళ్ళీ నీళ్ళలో దిగింది. వెనక సగం కొత్త చెక్క. స్తంభం దగ్గర జెండాల పెట్టెకు తాళం వేసి తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. ఒడ్డంతా జనం, పందిరి, బ్యాండు, అన్నీ మామూలే. నేను మధ్యలో ఒకసారి ఊరుకోలేక తూముల దాకా వెళ్ళి వచ్చాను. గట్టు మీద పడవలవాళ్ళ ఆడవాళ్ళు బారుగా కూర్చుని ఉన్నారు. నదికి వీపులు పెట్టి, ఎదురుగా ఉన్న చక్రాల మీదే కళ్ళు నిలిపారు. వెనక జనం ఎన్ని కేకలు పెట్టినా ఒక్కరూ తల తిప్పలేదు. పందెం ముగిశాక, నీ మొగుడే నెగ్గాడమ్మా అని నేను వెళ్ళి చెబితే గాని ఆవిడకు తెలియలేదు.